రసాలకు కావలసిన అరటి పట్టిక

2024 వేసవిలో, ముసునూరు దారిలో మామిడికాయలు మాగబెట్టే ఒక గది దగ్గర జరిగిన సంగతి ఇది. ఆ గది ఎస్తేరు గారిది. లోపల చలి, గాలి, కాయను పండించే ఎథిలీన్ వాయువు ఎంతుండాలో చూసుకునే కంట్రోలర్‌కి ప్రోగ్రాం రాయడం నా ఉద్యోగం.

అంతకు ముందు ఏడాది ఫ్యాను ఆగిన సంగతి ఎవరూ చూసుకోక ఆవిడ గదిలో ఒక లోడు పులిసిపోయింది. "ఈసారి ఫ్యాను ఆగితే నా ఫోను మోగాలండీ. ఇంకో లోడు పోయిందంటే రైతులు నా గుమ్మం తొక్కరు," అన్నారు. అలారం రాయడం పెద్ద పనేమీ కాదు. కానీ దాన్ని పెట్టడానికి కంట్రోలర్ చిప్‌లో చోటే లేదు.

చోటంతా లుకప్ టేబుళ్లు తినేస్తున్నాయి. ఏ గంటకు ఎంత చలి ఉండాలో ముందే లెక్కగట్టి పెట్టుకున్న పట్టికలవి. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా అన్నీ కలిపి ఒకే పెద్ద పట్టికగా రాసి ఉన్నాయి. మెనూలో నొక్కిన నంబరును బట్టి అందులోంచి ఒక వరస వస్తుంది. అలా ఉంటే కంపైలర్, అంటే మనం రాసినదాన్ని చిప్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్, ఏ వరస అక్కర్లేదో తేల్చుకోలేక అన్నీ ఉంచేస్తుంది. నేను దేనికది విడగొట్టి, ఎప్పటికీ మారని కాన్‌స్టంట్ పట్టికలుగా పేర్లు పెట్టి, ప్రోగ్రాంలో మామిడిని మాత్రం పిలిచాను, అంటే వాడుకున్నాను. పిలవని మూడింటినీ కంపైలరే వదిలేసింది. అలారానికి చోటు దొరికింది.

నేను వెళ్లేసరికే గదిలో కాయ ఎక్కించేశారు. కొత్త ప్రోగ్రాం ఎక్కించి మీసం మెలేద్దామనుకుంటుండగా ఎస్తేరు గారు కంట్రోలర్ తెర మీదికి వంగి చూశారు.

"అరటి ఏదండీ?"

"మీరు అరటి పెట్టరు కదండీ. వాడనివి తీసేశాను."

"అరటి పెట్టనండి, రసాలు పెడతాను. వాటి తొక్క పల్చన. మామిడి మీద పెడితే ఆ వేడికి మెత్తబడిపోతాయి, అరటికైతే చలి ఎక్కువ. ఇక్కడ మేమంతా రసాలకి అరటే నొక్కుతాం. లోపలున్నవి రసాలేనండీ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గది నిండా రెడ్డిగూడెం రైతుల పెదరసాలు, జుర్రుకుని తినే మామిడి. ఎథిలీన్ అప్పటికే వదిలారు, ఇక కాయ ఆగదు. పాత ప్రోగ్రాం పెడితే అలారం పోతుంది, కొత్తది ఉంచితే కాయ పోతుంది. మెట్టు మీదే కూలబడి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అరటి పట్టికను మళ్లీ పిలిచాను. 

"అవుద్దాండీ?" అని అడిగారు ఎస్తేరు గారు.

"చూద్దామండీ," అన్నాను. అవుతుందని చెప్పే ధైర్యం లేదు. అలారం, అరటి రెండూ పట్టకపోతే ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియలేదు.

పట్టాయి. గోరంత చోటు మిగిలింది. ఆవిడ అరటి నొక్కారు. తెర మీద డిగ్రీలు దిగడం మొదలయ్యేదాకా ఇద్దరం అక్కణ్నుంచి కదల్లేదు. రసాలు చక్కగా పండాయని ఆవిడ ఫోను చేసేదాకా నాకు అన్నం సయించలేదు.

ప్రోగ్రాం ఏ పట్టికను పిలవడం లేదో కంపైలర్‌కి తెలుసు. మనుషులు దేన్ని ఎందుకు నొక్కుతున్నారో దానికి తెలిసే దారి లేదు, అడిగి తెలుసుకోవాల్సింది నేను. ఇప్పుడు ఏ గదికి వెళ్లినా లాప్‌టాప్ తెరవకముందే అడుగుతాను: "లోపల ఏం పెట్టారండీ? ఏది నొక్కారండీ?"