ఫర్జానా తిప్పిన టేబుల్

హనుమకొండ చౌరస్తాలో వెంకటేశ్వర్లుది పెళ్లికార్డుల షాపు. అక్కడ ఏ కార్డు అచ్చుకు పోవాలన్నా ఫర్జానా చేతిమీదుగా పోవాల్సిందే. తెలుగైనా ఉర్దూ అయినా కీబోర్డు వంక చూడకుండా టైపు చేసేది. పొద్దున్నే కాశిబుగ్గ నుంచి ఆటోలో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుందంటే, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పేదాకా లేచే మాటే లేదు.

ఆ ఏడు పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేసరికి ఆమె మెడ పట్టేసింది. నొప్పి కుడి భుజంలోకి దిగింది. బామ్ రాసుకుంది, మాత్రలు మింగింది. ఒకరోజు చాయ్ గ్లాసు అందుకోబోతే వేళ్లలో పట్టు లేక జారి కింద పడింది.

తల్లి వజీరా బెంబేలెత్తిపోయింది. “ఆ కంప్యూటర్ పని ఇడిసిపెట్టు బేటీ. ఇంట్ల కూసొని బట్టలు కుట్టుకుందువు.”

“పని ఎందుకు ఇడిసిపెడ్త అమ్మీ? నొప్పి యాడికెల్లి వస్తాందో చూస్త,” అంది ఫర్జానా. మర్నాడే ఫిజియోథెరపీ చేసే భారతి మేడం దగ్గరికి వెళ్లింది.

భారతి భుజం నొక్కి చూసి, ఒక కుర్చీ ముందుకు జరిపింది. “షాపుల ఎట్ల కూసుంటవో గట్లనే కూసో.”

ఫర్జానా కూర్చుంది. ఒళ్లు ఇటు, మొహం అటు.

“మెడ గట్ల పక్కకెందుకు తిప్పినవ్?”

“స్క్రీన్ గటే ఉంటది మేడం. గిరాకీకి కనవడాలె గదా.”

ఆ మాట తన నోటితో అన్నాక గానీ ఆమెకు తట్టలేదు. ఇన్నేళ్లూ ఆ స్క్రీన్ వచ్చిపోయేవాళ్లకు ఎదురుగా ఉంది, రోజంతా పనిచేసే తనకు మాత్రం పక్కన ఉంది!

“మెడకు, భుజానికి కసరత్తులు నేను నేర్పుత. కూసునే తీరు మాత్రం నువ్వే మార్చుకోవాలె,” అంటూ భారతి వివరంగా చెప్పింది. స్క్రీన్ తిన్నగా ఎదురుగా ఉండాలి, దాని పైఅంచు కళ్లకు సమంగా రావాలి. మోచేతులు కీబోర్డు ఎత్తుకు అందాలి. మౌస్ కోసం చెయ్యి చాచకూడదు. పాదాలు గాలిలో వేలాడకూడదు. “ఎంత మంచిగ కూసున్నా మధ్యమధ్యల లేవాలె, మరువకు.”

టేబుల్ తిప్పుతాననగానే వెంకటేశ్వర్లు నుదురు చిట్లించాడు. “మరి గిరాకీ ఏం జూస్తది బిడ్డా?”

“పాత మానిటర్ ఖాళీగనే ఉన్నది గద సార్. దాన్ని కౌంటర్ మీద పెడ్దాం. వాళ్లది వాళ్లు చూస్తరు, నాది నేను చూస్త.”

“రెండూ ఒక్కపారే నడుస్తయా?”

“నడుస్తయ్. ఒక్క వైరు తెప్పియ్యుండ్రి, చాలు.”

వైరు రాగానే పాత మానిటర్ కౌంటర్ మీదికి చేరింది. షాపులోనే పనిచేసే శ్రావణి టేబుల్‌కు ఒక కొస పట్టుకుంది, ఫర్జానా ఎడమచేత్తో రెండో కొస పట్టుకుంది. రోడ్డు వెలుగు స్క్రీన్ మీద పడకుండా టేబుల్‌ను గోడవైపు జరిపారు. ఫర్జానా మానిటర్ కింద పాత శాంపిల్ ఆల్బమ్‌లు పేర్చారు. కుర్చీ పైకెత్తితే మోచేతులు సరిగ్గా వచ్చాయి గానీ కాళ్లు నేలకు అందలేదు. ఇటుకల మీద చెక్క వేసి ఆ చిక్కూ తీర్చారు. మొదటిరోజు సాయంత్రానికి మెడ వెనక కొత్త నొప్పి! ఆల్బమ్‌లు ఎక్కువై తల పైకెత్తి చూడాల్సి వస్తోందని గ్రహించి కొన్ని తీసేసింది. శ్రావణి సరదాపడి ఆ కుర్చీలో కూర్చుంటే పొడుగు మనిషి కావడంతో మోకాళ్లు టేబుల్‌కు తగిలాయి. “నీ కొలత నాకు పనికిరాదక్కా,” అని నవ్వి, ఆమె కూడా తన సీటు తనకు తగ్గట్టు సర్దుకుంది.

నొప్పి ఒక్కపూటలో పోలేదు. ఫర్జానా కసరత్తులు మానలేదు, తొందరపడనూ లేదు. ఎండలు ముదిరేనాటికి చెయ్యెత్తి తన జడ తానే వేసుకోగలిగింది.

ఒక మధ్యాహ్నం పాలకుర్తి నుంచి వచ్చిన పెద్దమనిషి కౌంటర్ దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. ఫర్జానా లేచి నిలబడి తాపీగా భుజాలు తిప్పుతోంది.

“జర జల్ది కానియ్ బిడ్డా, బస్సు పోతది.”

“ఫికర్ చెయ్యకు పెద్దనాయినా. నేను గీ భుజం సాపు చేసుకునేలోపు నువ్వు గా స్క్రీన్ల కార్డంత ఓపారి చదువు.”

ఆయన కళ్లద్దాలు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. చివరికొచ్చి ఉలిక్కిపడ్డాడు. “ఓయమ్మో! మా పెద్ద బావ పేరే రాసియ్యలే నేను. గిట్లనే అచ్చేస్తే ఆయన పెండ్లికే రాడు!”

“మంచిగ చూసినవ్. చెప్పు, ఏం పేరు?” అంటూ ఫర్జానా కుర్చీ దగ్గరికి లాక్కుని, పాదాలు చెక్క మీద ఆనించి, కీబోర్డు మీద చేతులు పెట్టింది.