పోలమ్మ మొహం మీద నల్ల పట్టీ

వీరదుర్గది కృత్తివెన్ను దగ్గర సముద్రపొడ్డు ఊరు. చేపల వేట మీద బతికే ఇల్లు. బందరులో డిగ్రీ చదివి, అక్కడే ప్రభాకర్ గారి చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు డిజైన్ చేస్తోంది.

గుడివాడ నుంచి చేపల వ్యాపారి పూర్ణచంద్రరావు గారు సైటు చేయించుకోవడానికి వచ్చారు. మొదటి పేజీకి మంచి ఫొటో కావాలన్నారు. వీరదుర్గ ఊరెళ్లి తనే తీసుకొచ్చింది. ఒడ్డున వలలోంచి చేపలు ఏరుతున్న ఆడవాళ్లు, నడుమ కెమెరా వైపు సూటిగా చూస్తున్న మేనత్త పోలమ్మ.

కంపెనీ పేరు ఎక్కడ వెయ్యాలా అని చాలాసేపు తంటాలు పడింది. తెల్లటి నురగ మీద తెల్లక్షరాలు ఆనలేదు. చివరికి పైన ఆకాశాన్ని కాస్త ముదురు చేసి అక్కడ పెట్టింది. ఫోన్‌లో అవి జారి మొహాల మీద పడుతుంటే, ఫోన్‌కి మాత్రం ఫొటో కిందకి దించేసింది.

పూర్ణచంద్రరావు గారికి నచ్చలేదు. "పేరు నడిమధ్యన పెద్దగా ఉండాలమ్మా. కనపడకపోతే వెనకాల నల్ల పట్టీ వెయ్యి."

"అప్పుడు మనిషి మొహం కనపడదండి."

"ఆవిడ మొహం ఎవరిక్కావాలి? చేపలు కనపడితే చాలు."

"నాకు కావాలండి. ఆవిడ మా అత్త."

ప్రభాకర్ గారు కంగారుపడ్డారు. "సైటు ఆయనది దుర్గా. చెప్పినట్టు చేసెయ్యి."

"సైటు ఆయనదే సార్. ఫొటో నాది. మొహం కప్పేస్తానని చెప్పి తియ్యలేదు." అంటూనే వాళ్ల కళ్లెదుటే పేజీలోంచి ఫొటో తీసేసింది.

"ఇంత పొగరు పనికిరాదమ్మా!" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"పొగరనే అనుకోండి."

ఆ పని ఇంకొకరికి వెళ్లింది. ఎక్కడో కొన్న పడవ బొమ్మ మీద కంపెనీ పేరు అడ్డంగా పడి సైటు బయటికొచ్చింది. ఆ తర్వాత చాలాకాలం వీరదుర్గకి చిన్నాచితకా పనులే ఇచ్చారు. ఆమె మాత్రం క్షమించమని అడగలేదు. సెలవు రోజుల్లో, ఎండుచేపలమ్మే తన ఊరి ఆడవాళ్లకోసం ఒక వెబ్ పేజీ తయారుచేసింది. అదే ఫొటో, తెర నిండా.

ఫోన్‌లో చూపిస్తే పోలమ్మ కళ్లు చికిలించి, "నా ముక్కు ఇంతుందేంటే?" అంది. "కింద ఏం రాశావ్?"

"మీ అందరి పేర్లు అత్తా. మొదటిది నీదే."

పోలమ్మ ఫోన్ లాక్కుని, వల బాగుచేసుకుంటున్న వాళ్ల దగ్గరికి గబగబా నడిచింది.