ఫరీదాబాద్‌లో మూగబోయిన పాఠం

2023 మార్చి. నోయిడాలో ఒక ఆఫీసు, నాలుగో అంతస్తు. ఫ్యాక్టరీ కార్మికులకు భద్రతా పాఠాలు తయారుచేసే కంపెనీ అది. పాఠమంటే పుస్తకం కాదు. బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మలు, వాటితో పాటు ఒక గొంతు. గొంతు చెబుతుంటే బొమ్మ కదులుతుంది; చూసేవాళ్లు తెరను తాకి జవాబివ్వాలి. మా వృత్తిలో దీన్ని ఇంటరాక్టివ్ మల్టీమీడియా అంటారు. నేనక్కడ వారానికి మూడు రోజులు వెళ్లే సలహాదారుణ్ణి. అప్పటికి నాకు అరవై ఏడేళ్లు.

నాకు ఇంజనీరింగ్ పట్టా లేదు. ఈ ముక్క నేనే ముందు చెప్పేస్తాను. లేకపోతే ఎవరో ఒకరు నా వెనకాల చెబుతారు. తెనాలి నుంచి దేశ రాజధానికి వచ్చి, ఆర్.కె. పురంలో ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేరాను. అప్పట్లో క్యాసెట్‌తో నడిచే స్లైడ్ పాఠాలుండేవి. టేపులో ఒక ట్రాక్ మీద మాట, ఇంకో ట్రాక్ మీద మనకు వినపడని సంకేతం. ఆ సంకేతం రాగానే ప్రొజెక్టర్ దానంతటదే స్లైడ్ మార్చేది. అంటే శబ్దం ముందు నడిచేది, బొమ్మ దాని వెనక నడిచేది. కంప్యూటర్లు వచ్చాక దరియాగంజ్ ఆదివారం సంతలో అట్టలు ఊడిన పుస్తకాలు కొని, తెర మీద బొమ్మలు కదిలించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఫ్లాష్ పోయాక జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాను. నాకు కూర్చోబెట్టి నేర్పినవాళ్లు ఒక్కరూ లేరు.

మా మేనేజర్ తరుణ్‌కు ముప్పై రెండేళ్లు. నేను ఏది చెప్పబోయినా నవ్వి, "అంకుల్ జీ, ఫ్లాష్ కా జమానా గయా" అనేవాడు. ఫ్లాష్ కాలం పోయిందట. పోతే పోయింది! మనుషుల చెవులూ కళ్లూ అవే కదా. బొమ్మ ఒక్క క్షణం తడబడితే కన్ను సర్దుకుంటుంది. మాట తడబడితే చెవి వెంటనే పట్టేస్తుంది. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పుట్టలేదు, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పోదు. ఈ మాట ఆ ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో, ఎన్నిసార్లు నవ్వులపాలయ్యానో నాకు గుర్తుంది. నేను మరిచిపోయే రకం కాదు.

ఆ నెలలో ఫరీదాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీకి ప్రెస్ షాపు పాఠం పంపాం. ప్రెస్ అంటే ఇనప రేకును అచ్చులో పెట్టి ఒత్తే యంత్రం. రేకును అచ్చు మీద పెట్టడం, చేతులు తీయడం, ప్రెస్ దిగడం, ఇదీ వరస. రాసింది లావణ్య. హనుమకొండ అమ్మాయి, చేరి ఆరు నెలలు. ఆ శుక్రవారంతో ఆమె ప్రొబేషన్ ముగుస్తుంది, అదే రోజు ఉద్యోగం ఖాయం చేసే లెటర్ రావాలి. బుధవారం ఫిర్యాదు వచ్చింది. పాఠం మూగగా నడుస్తోందట, మధ్యలో ఎప్పుడో మాట వచ్చినా బొమ్మతో కలవడం లేదట.

ఆఫీసులో పదిసార్లు తెరిచి చూశాం. గొంతు ఖంగుమంటోంది. తరుణ్ మాత్రం తేల్చేశాడు. "కోడ్ లావణ్యది. తప్పూ లావణ్యదే. లెటర్ ఆపేస్తున్నాను."

లావణ్య నా బల్ల దగ్గరకొచ్చింది. "అంకుల్, నాకు సమజైతలేదు. ఈడ మంచిగనే నడుస్తుంది. ఆడ స్పీకర్లు గిట్ల ఖరాబున్నయేమో?"

"ఇక్కడ కూర్చుని అక్కడి స్పీకర్ల మీద నెపం వెయ్యకూడదమ్మా. పద, వెళ్లి చూద్దాం."

"తరుణ్ సర్ ఒప్పుకుంటడా?"

"నేను చెప్పి వస్తానుగా. వయసుకి ఆ మాత్రం విలువైనా ఇవ్వకపోతే ఎలా?"

గురువారం పొద్దున్నే బొటానికల్ గార్డెన్‌లో మెట్రో ఎక్కి, కాల్కాజీలో మారి ఫరీదాబాద్ చేరాం. దారంతా ఆ అమ్మాయి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కోడ్ చదువుతూనే ఉంది.

ఫ్యాక్టరీ భద్రతాధికారి పేరు బల్బీర్ సింగ్. శిక్షణ గదిలో కొత్తగా కొన్న టచ్ స్క్రీన్ కంప్యూటర్లున్నాయి. ఒకదాని మీద మా పాఠం తెరిచాడు. బొమ్మలో చేయి రేకు పెట్టింది. మాట లేదు. బల్బీర్ విసుగ్గా తెర మీద తట్టాడు. ఈలోపు బొమ్మలో ప్రెస్ దభీమని దిగిపోయింది. అప్పుడు మొదలైంది గొంతు, తీరిగ్గా, మొదటి నుంచి.

"దేఖో జీ," అన్నాడు బల్బీర్. "పెహలే హాథ్ కుచల్ దియా, అబ్ బోల్ రహీ హై కి హాథ్ హటావో!" ముందు చేతిని నలిపేసి, ఆ తరవాత చేయి తీయమంటోంది మీ పాఠం అని ఎత్తిపొడుపు. మళ్లీ అతనే గంభీరంగా చెప్పాడు. "మావాళ్లు చెవితో విన్నదే చేత్తో చేస్తారు. రెండు గంటలకు జీఎం సాబ్ చూస్తారు. అప్పటికి సరికాకపోతే ఠీక్ హై, వాపస్."

టైము పదకొండున్నర. లావణ్య అప్పటికే లాప్‌టాప్ తెరిచింది.

నేను స్పీకర్ల జోలికి వెళ్లలేదు. బ్రౌజర్‌లో కన్సోల్ అనే కిటికీ ఒకటుంటుంది, తెర వెనక జరిగిన తప్పులన్నీ అందులో పడతాయి. తెరిచాను. ఎర్ర అక్షరాల్లో ఒకటే ఫిర్యాదు. చూసేవారు ఇంకా పేజీని తాకలేదు కాబట్టి శబ్దం మొదలుపెట్టనివ్వను అని. బల్బీర్ తట్టాకే గొంతు వచ్చింది అందుకే.

"ఆఫీసుల ఒక్కసారి గూడ రాలే గదా అంకుల్ ఇది!"

అసలు మర్మం అక్కడే ఉంది. పేజీ తెరవగానే మోత మోగించే వెబ్‌సైట్లతో జనం విసిగిపోయారని బ్రౌజర్లు ఈ అడ్డు పెట్టాయి. కానీ ఒక సైటులో మనం తరచూ పాటలూ మాటలూ వింటుంటే, కొన్ని బ్రౌజర్లు ఆ సంగతి లెక్క పెట్టుకుని, తెలిసిన సైటే కదా అని అడ్డు తీసేస్తాయి. మా ఆఫీసు కంప్యూటర్లలో ఆ పాఠాన్ని ఎన్ని వందలసార్లు విన్నామో! మా బ్రౌజర్లకు మేం ఇంటిమనుషులం. బల్బీర్ సింగ్ కంప్యూటర్‌కు మా పాఠం ముక్కూమొహం తెలియని మనిషి. సొంత పనిని రోజంతా వింటూ కూర్చునేవాళ్లు మాత్రమే చేయగలిగే తప్పిది. బ్రౌజర్‌లో పాత లెక్కలేవీ లేని కొత్త ప్రొఫైల్ తెరిచి ఒక్కసారి చూసుంటే అక్కడే బయటపడేది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. పంపేముందు ఆ పాఠం పరీక్షించి, టెస్ట్ షీటులో 'శబ్దం బాగుంది' అని సంతకం పెట్టింది నేనే.

పని మొదలుపెట్టాం. ముందుగా, మొదట్లో ఒక బటన్ పెట్టించాను. అది నొక్కితేనే పాఠం నడవాలి. ఆ నొక్కులోనే శబ్దానికి ప్లే ఆజ్ఞ ఇవ్వాలి. ప్లే అన్నంత మాత్రాన పాడినట్టు కాదు. అది ముందు ప్రామిస్ అనే మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకుందని తెలిశాకే బొమ్మ కదలాలి. లావణ్య కోడ్ ఆగకుండా బొమ్మను వదిలేస్తోంది. తరవాత గడియారం. ఆమె బొమ్మల కోసం సెట్‌ఇంటర్వెల్ అనే ఆజ్ఞతో వేరే టైము లెక్కపెట్టింది. కంప్యూటర్ మీద భారం పెరిగితే ఆ లెక్క వెనకబడుతుంది. అది తీసేయించాను. తెర గీసుకునే ప్రతిసారీ శబ్దాన్నే అడగాలి, ఎన్నో సెకనులో ఉన్నావని. దాన్ని కరెంట్‌టైమ్ అంటారు. అది చెప్పిన చోటే బొమ్మ ఉండాలి. మధ్యలో రెండు బొమ్మలు ఎగిరిపోయినా ఫరవాలేదు.

పన్నెండున్నరకు గొంతూ బొమ్మా కలిశాయి. నాకు మీసం మెలేయాలనిపించింది. బల్బీర్ ప్రెస్ షాపు నుంచి సునీత అనే ఆవిణ్ణి పిలిపించాడు. పదేళ్లుగా ప్రెస్ నడుపుతోంది, చదువు అంతంతమాత్రం. తెర ముందు కూర్చుంది. 'షురూ కరేఁ', అంటే మొదలుపెడదాం, అని రాసిన బటన్ వంక చూస్తూ అలాగే ఉండిపోయింది.

"దీదీ, కుఛ్ కీజియే నా," ఏదో ఒకటి చేయండి అని బతిమాలింది లావణ్య.

"బోలేగీ తబ్ నా కరూఁగీ," అంది సునీత. అది చెబితే కదా నేను చేసేది!

ఆవిడ మాటలో తప్పేముంది? గొంతు చెప్పినట్టు చేయాలని ఆవిడకు చెప్పాం. ఆవిడ తాకితేగాని గొంతు రాదు, గొంతు వస్తేగాని ఆవిడ తాకదు. నలభై ఏళ్ల అనుభవం నాది, తోచింది ఇంతే. "పక్కన ఒకరు నిలబడి చెబితే సరి" అని గొణిగాను.

"అట్లయితే ఇగ మన పాఠమెందుకు అంకుల్?" అని లావణ్య లేచి అద్దం కిటికీ దగ్గరకెళ్లింది. అవతల ప్రెస్ షాపు. ఐదు నిమిషాలు అలా చూస్తూ నిలబడి, గిరుక్కున తిరిగింది. "అంకుల్, వీళ్లు మిషిన్ ముందట నిలవడంగనే ఏం చేస్తున్నరో చూడుండ్రి. రెండు దిక్కుల రెండు పచ్చ బటన్లు, రెండు అరచేతులు. ఎవరూ చెప్తలేరు."

అది ఆ యంత్రం పద్ధతి. రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే ప్రెస్ దిగుతుంది. అప్పుడు అచ్చులో చేయి ఉండే వీలే లేదు. లావణ్య అక్షరాలు తీసేసి తెరకు రెండు వైపులా అచ్చం అలాంటి పచ్చ బటన్లు గీసింది. లాప్‌టాప్ మౌసుతో చూస్తే చక్కగా మోగింది. టచ్ స్క్రీన్ మీద చేతులు పెడితే మళ్లీ మూగ!

"ఏంది అంకుల్ ఇది, తాకినా ఇంటలేదు!"

ఇది మాత్రం నాకు తెలుసు. "వేలు ఆనించడం కాదమ్మా, ఎత్తడం. మౌసయితే నొక్కగానే ఒప్పుకుంటుంది. వేలయితే, తెరను పైకి జరపడానికి పెట్టాడో, నొక్కడానికి పెట్టాడో బ్రౌజర్‌కు తెలియదు. అందుకని వేలు లేచేదాకా ఆగుతుంది. పాయింటర్‌డౌన్ తీసి పాయింటర్‌అప్ పెట్టు." ఒక్క పదం మారింది. ఇదంతా ఒకప్పుడు పట్టా ఉన్నవాళ్లెవరూ చెప్పక, వారం రోజులు కొట్టుకుని నేను కనిపెట్టుకున్నదే.

ఒంటిగంటన్నరకు సునీతను మళ్లీ కూర్చోబెట్టాం. ఎవ్వరం నోరు విప్పలేదు. ఆవిడ పచ్చ బటన్లు చూసింది. అలవాటుగా రెండు అరచేతులూ ఒకేసారి ఆనించి తీసింది. గొంతు పలికింది. "దోనోఁ హాథ్ బాహర్" అని, రెండు చేతులూ బయటికి తీయమన్నాకే ప్రెస్ దిగింది, సరిగ్గా ఆ మాట మీదే. సునీత పాఠం చివరిదాకా వెళ్లి, లేస్తూ బల్బీర్‌తో అంది. "యే తో అపనీ మషీన్ హై." మా మిషనే ఇది.

రెండు గంటలకు జీఎం చూశాడు, తీసుకున్నాడు.

శుక్రవారం మీటింగులో తరుణ్ హుషారుగా ఉన్నాడు. "అంకుల్ జీ నే బచా లియా! లావణ్య ప్రొబేషన్ మూడు నెలలు పొడిగిద్దాం, ఈలోపు నేర్చుకుంటుంది."

నాకు ఒళ్లు మండింది. టెస్ట్ షీటు బల్ల మీద పరిచాను. "ఈ సంతకం ఎవరిది?"

"మీదే."

"శబ్దం బాగుందని రాసింది నేను. పొడిగించేదుంటే నాది పొడిగించు. అయినా అంకుల్ జీ కాపాడలేదు. నేను శబ్దం వచ్చేలా చేశాను, అంతే. సునీత చేత తాకించింది లావణ్య. అది నాకు తట్టలేదు."

"లేకిన్ అంకుల్ జీ, ప్రాసెస్..."

"ప్రాసెస్ అంటే ఇదే బాబూ. తప్పు ఎవరు చేశారో కాగితం మీద ఉంది."

తరుణ్ షీటు తిప్పి తిప్పి చూశాడు. సాయంత్రానికి లావణ్యకు లెటర్ వచ్చింది. నాకు చూపించింది గానీ థాంక్స్ చెప్పలేదు. చెబితే తిడతానని తెలుసు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. పని బాగుందో లేదో చూడటానికి మీరు పనికిరారు, మీ కంప్యూటర్ అసలే పనికిరాదు. మీ పనిని ఎన్నడూ చూడని మనిషికి ఇచ్చి, పక్కన నోరు మూసుకుని నిలబడండి. ఇవ్వడం వారంలో వస్తుంది. నోరు మూసుకోవడం నాకు అరవై ఏడేళ్లకు వచ్చింది.

లావణ్య ఇప్పుడు టీమ్ లీడ్. మా టెస్ట్ షీటులో ఆమె కొత్త గడి ఒకటి పెట్టింది: 'మొదటిసారి చూసినవారి పేరు.' మొన్నామధ్య ఒక పాఠానికి తొందరలో అక్కడ నా పేరు రాయబోయాను. పెన్ను లాక్కుంది. "మీరు కాదు అంకుల్. మీకు అన్నీ ఎరుకే."

లేచి, బయట కారిడార్‌లో కొత్త మనిషి ఎవరైనా దొరుకుతారేమో చూడ్డానికి వెళ్లాను.