మామ మీది కక్షతో ఎంచుకున్న కొయ్యసుత్తి

పోయిన నెలలో కర్నూలులో ఆడవాళ్లకు తోలుపని నేర్పే శిబిరం ఒకటి పెట్టి, పాతకాలపు చేతిపని ఎట్లా ఉండేదో ఒకసారి చూపించమని నన్ను పిలిపించారు. కారులో తీసుకుపోయి, ఫ్యాను కింద కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎంతో మర్యాద చేశారు. నేర్పే పిల్లవాడు బల్ల మీద అయిదు సుత్తులు వరసగా పెట్టాడు. ఒకటి తెల్లటి ప్లాస్టిక్‌ది, ఒకటి రబ్బరుది, ఒకటి పచ్చితోలు చుట్టి బిగించినది, ఒకటి కొయ్యది, చివరిది ఇనుపది. తోలు మీద అచ్చులు కొట్టడానికి వీటిలో ఏది మంచిదో అమ్మ చెబుతుందని అందరికీ చెప్పి నా వైపు చూశాడు. నేను చాచిన చేయి చాచినట్టే ఆగిపోయింది. వయసు మీదపడి మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నారు కాబోలు, ముందు వరసలో ఎవరో జాలిగా నవ్వారు. నేను మరిచిపోయి ఆగలేదు. ఆ చివరనున్న ఇనుపసుత్తిని చూడగానే యాభై ఏళ్ల కిందటి కోపం తిరిగి లేచింది. కొయ్యది తీసుకుని, కొట్టి చూపించి, చప్పట్లు కొట్టించుకుని వచ్చానే గానీ, ఇల్లు చేరేదాకా నా మనసంతా చనిపోయిన మా మామ చుట్టూనే తిరిగింది.

మాది వేంపల్లె. మా నాయన తోలుపనిలో మంచి పేరున్న మనిషి. ఎద్దుల మెడకు గజ్జెల పట్టెడలు, మొలకు కట్టుకునే తిత్తులు, గుడిలో పెద్దలు పట్టుకునే బైబిలుకు అట్టలు, పెండ్లికొడుకుల బెల్టులు, ఏది చేసినా దాని మీద పూలూ తీగెలూ అచ్చు కొట్టి ఇచ్చేవాడు. నా ఈడు వాళ్లకు ఆ పట్టెడలు గుర్తుండే ఉంటాయి, పండగనాడు ఎద్దులు కదిలితే గజ్జెల కన్నా ముందు ఆ తోలు మీది పూలే కంటికి కనిపించేవి. తంగేడు చెక్కతో పదును చేసిన తోలును తడిపి, ఆరీ ఆరనట్టున్నప్పుడు నాపరాతి బండ మీద పరిచి, ఇనుప అచ్చును దాని మీద నిటారుగా నిలబెట్టి, కొయ్యసుత్తితో ఒకే ఒక్క దెబ్బ వేయాలి. రెండో దెబ్బ పడితే పువ్వు చెదిరిపోతుంది. మా నాయనకు రెండో దెబ్బ అవసరం పడగా నేను చూడలేదు. విరిగిన బండి శీలను ఆకురాయితో అరగదీసి అయిదు రేకుల తంగేడుపువ్వు అచ్చు ఒకటి ఆయనే తయారు చేసుకున్నాడు. ఆ పువ్వు చూస్తే చాలు, ఈ పని వేంపల్లెదని కోసిగి దాకా చెప్పేవాళ్లు. ఆయన సుత్తి చింతచేవది. చేవ అంటే మాను నడిమధ్యన నల్లగా, రాయిలాగా ఉండే భాగం. ఇరవై ఏళ్లు పట్టుకుని పట్టుకుని ఆ పిడి మీద ఆయన నాలుగు వేళ్లకూ నాలుగు పల్లాలు పడ్డాయి.

మా మామ అమ్మకు తమ్ముడు. మీసాలు రాకముందే మా ఇంటికి వచ్చి, మా అమ్మ చేతి సంగటి తిని, మా నాయన దగ్గరే పని నేర్చుకుని, తరువాత కడపలో కొట్టు పెట్టుకున్నాడు. నాయన దగ్గుతో, రొమ్ముజబ్బుతో మంచం పట్టి పోయినప్పుడు, సమాధి మీద మట్టి ఇంకా తడారకముందే, పనిముట్ల మూట తన సంచిలో పెట్టుకుని, అమ్మనూ నన్నూ వెంట రమ్మన్నాడు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. నాయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నదాన్ని, చేయి తిరిగినదాన్ని. మామ ఇంట్లో అమ్మ వంటకూ, నేను కొట్టు వెనకవైపు పనికీ కుదిరాము. మొదట్లో ఆయన మంచివాడే అనుకున్నాను. నాయన సుత్తి నా చేతికిచ్చి, నువ్వే వాడుకో పాపా అన్నాడు గదా మరి.

ఒకరోజు కోసిగి వైపు నుంచి ఒక పెద్దరైతు ఎద్దులకు పట్టెడలు తీసుకుపోవడానికి వచ్చాడు. పట్టెడను వెలుతురులో పెట్టి వేలితో తడిమి చూసి, కొట్టులో నలుగురు వింటుండగా, "ఏమప్పా, ఇది నీ చేతిది కాదు. ఇది మీ బావ చేయి. ఆయన పోయినా చేయి యాడనో బతికే ఉండాది" అన్నాడు. వెనక గదిలో ఉన్న నాకు ఆ మాట వినబడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఆరకముందే తలుపు సందులోంచి మామ ముఖం చూశాను. నవ్వుతూనే ఉన్నాడు గానీ, దవడ మాత్రం బిగిసి ఉంది.

మరునాడు పొద్దున కొయ్యసుత్తి లేదు. దాని చోట ఒక ఇనుపసుత్తి ఉంది. ఎలుకలు కొట్టేసినాయేమో, దీనితో కానీ అన్నాడు. ఇనుము మీద ఇనుము పడితే ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. అచ్చుల తలలు పుట్టగొడుగుల్లా విచ్చుకుపోయాయి. దెబ్బ ఎదురు తన్ని నా మణికట్టు వాచింది. పువ్వు రేకులు తోలును కోసుకుని అవతలికి దిగాయి. ఆ పాడైన ముక్కలను మామ కొట్టు ముందర తాడుకు వేలాడదీసి, వచ్చినవాళ్లకల్లా చూపించి, ఆడపిల్ల చేయి ఇంతే, ఏదో దిక్కులేనిదని పెట్టుకున్నానని చెప్పడం మొదలుపెట్టాడు. బైబిలు అట్ట కోసం వచ్చిన గుడి పాస్టరు అయ్యగారి ముందు కూడా చెప్పాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను, ఎందుకంటే అన్నం ఆయనది.

వారం తిరక్కుండానే నిజం తెలిసింది. తంగేడు చెక్క ఉడకబెట్టే పెద్ద కాగు కింద బూడిద ఎత్తుతుంటే సగం కాలిన కొయ్యముక్క ఒకటి చేతికి తగిలింది. దాని మీద రెండు పల్లాలు మిగిలి ఉన్నాయి. నా వేళ్లు వాటిలో పెట్టి చూసుకున్నాను. ఆ రోజు నేను ఏడవలేదని అమ్మ తరువాత ఎన్నోసార్లు చెప్పుకునేది. ఏడిస్తే కోపం కరిగిపోతుందేమోనని భయపడ్డాను. ఈ మనిషి నలుగురిలో నన్ను ఎట్లా తలవంచుకునేలా చేశాడో అట్లాగే తలవంచుకుని నిలబడాలని, అది నేను కళ్లారా చూడాలని, ఆ బూడిద చేతులతోనే అనుకున్నాను.

దానికి ముందు నాకొక సుత్తి కావాలి. బద్వేలులో తరిమెన మీద కొయ్య తిప్పి మంచంకోళ్లూ చపాతీ కర్రలూ చేసే ముసలి సాయిబు ఒకాయన ఉన్నాడని విన్నాను. చుట్టాల పెండ్లి అని చెప్పి అమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఆయన తరిమెనకు తోలుపట్టీ కావాలని ముందే తెలుసుకుని, మామ కొట్టులోని అన్నిటికన్నా మంచి తోలులోంచి ఒక పట్టీ కోసుకుని పోయాను. అది దొంగతనమే, ఒప్పుకుంటాను, కోస్తున్నప్పుడు ఎంత హాయిగా ఉండిందో అది కూడా ఒప్పుకుంటాను.

సాయిబు తాత నా ముందర నాలుగు రకాల కొయ్యలు పెట్టి, పాత తోలుముక్క మీద కొట్టి చూడమన్నాడు. వేప తేలిక, దెబ్బ పైపైనే ఆగిపోయింది. తుమ్మ గట్టిదే గానీ ఎండకు పగులుతుందని ఆయనే పక్కన పెట్టేశాడు. టేకు మెత్తనైంది, అచ్చు తల దానిలోనే గుంట చేసింది. చింతచేవ దగ్గరికి వచ్చేసరికి నా చేతికి తెలిసిపోయింది. అందులోనూ అన్నిటికన్నా బరువైన మొద్దు చూపించి ఇదే కావాలన్నాను. ఆయన కండ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను చూశాడు.

"ఎవరి నెత్తిన కొట్టడానికమ్మా ఇది?"

"తోలు మీద కొట్టడానికే తాతా."

"తోలు నిన్నేమీ చేయలేదే. అంత బరువు పట్టుకుంటే జాము తిరిగేసరికి చేయి పడిపోతాది. శానా దినాలు కొట్టాలనుకుంటే తేలికది పట్టుకో."

నేను వినలేదు. బరువైనదే చేయించుకుని పోయి, ఇంటిల్లిపాదీ బజారుకు పోయిన వేళ దొంగచాటుగా కొట్టి చూసుకున్నాను. ఆయన చెప్పినట్టే మూడు రోజులకు భుజం లేవలేదు, పూలన్నీ ఇనుపసుత్తి పూల మాదిరే తోలును కోశాయి. మళ్లీ బద్వేలు పోయాను. ఆయన ఒక్క మాట కూడా దెప్పకుండా దాన్ని తరిమెన మీద ఎక్కించి, కొద్దికొద్దిగా చెక్కి, ప్రతిసారీ నా చేతికిచ్చి కొట్టించాడు. తల గుండ్రంగా, పిడి వైపుకు కొంచెం సన్నమయ్యేలా దిద్దాడు, అట్లా ఉంటే చేతిలో ఎటు తిరిగినా అచ్చు మీద నిండుగా పడుతుందట. ఏడో ఎనిమిదో సారికి మోచెయ్యి కదలకుండా, మణికట్టు వంచితే చాలు దానంతటదే పడే బరువు కుదిరింది. తోలు మీద పువ్వు లోతుగా, అంచులు తెగకుండా దిగింది. అప్పుడు నాకొకటి అర్థమైంది. ఈ సుత్తితో నేను పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కొట్టగలను, ఏళ్ల తరబడి కొట్టగలను. నా పగకు కావలసింది అదే.

కడపకు తిరిగివచ్చి పట్టపగలు నాయన అచ్చుల మూట చంకన పెట్టుకుని గడప దాటబోయాను. మామ అడ్డం నిలబడ్డాడు. అంతవరకూ ఆ ఇంట్లో గొంతెత్తని మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "దారి ఇడువు రా తమ్ముడా. నీకు అన్నం పెట్టి పెంచిన చేయి ఇది, అడ్డం రావద్దు" అంది. ఆయన పక్కకు తొలిగాడు.

అమ్మతో వేంపల్లె చేరి, పాత ఇంటి ముందే చాప వేసుకుని కూర్చున్నాను. చెడిపోయిన అచ్చుల తలలు కమ్మరి దగ్గర సరిచేయించుకున్నాను. మామ ఖాతాదారులు ఎవరు, ఎక్కడివాళ్లు, ఎవరి ఎద్దుల మెడ ఎంత లావు, అన్నీ నాకు తెలుసు. ఒక్కొక్కరికి కబురు పెట్టాను. కోసిగి రైతు ముందుగా వచ్చాడు. తరువాత గుడి బైబిలు అట్ట వచ్చింది. మామ నుంచి ఒక మనిషి జారి నా చాప ముందు కూర్చున్న ప్రతిసారీ, తంగేడుపువ్వు ఒకటి ఎక్కువ కొట్టి ఇచ్చేదాన్ని. ఆ పువ్వు వాడొద్దని మామ మనిషిని పంపాడు. ఆ నెలంతా పువ్వు లేని పట్టెడ ఒక్కటి కూడా నా ఇంట్లోంచి బయటికి పోలేదు. కోపం పెట్టుకుని దేవుని బల్ల దగ్గరికి రొట్టె, ద్రాక్షరసం తీసుకోను ఎట్లా వస్తావమ్మా అని అయ్యగారి భార్య మెత్తగా మందలిస్తే, వినయంగా తల ఊపి వచ్చి మళ్లీ సుత్తి పట్టుకున్నాను.

మూడేళ్లకు ఒకనాడు మామ కూతురు, నాకన్నా అయిదారేళ్లు చిన్నది, గుడ్డల సంచితో మా గడపలో నిలబడింది. "వదినా, నాకు పని నేర్పు. ఆడదానికెందుకని నాయన అచ్చు ముట్టుకోనీలేదు" అంది. ఆ పిల్ల మీద ప్రేమతో రమ్మన్నానని చెప్పుకుంటే బాగుండును. మామ గుండెలో ఇది ఎంత లోతుకు దిగుతుందో లెక్కవేసుకుని మరీ లోపలికి పిలిచాను.

నాలుగో రోజుకు మామ వచ్చాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. వాకిట్లోనే నిలబడి, "నా బిడ్డను పంపు పాపా" అన్నాడు.

"పంపుతా మామా. ఆదివారం ఆరాధన అయినాక గుడి బయట అందరి ముందరా రెండు మాటలు చెప్పు. పువ్వు ఎవరిదో చెప్పు. సుత్తి ఏమైందో చెప్పు."

ఆయన వెనుదిరిగి బస్సుకు పోయాడు. ఆదివారం వచ్చాడు. వేపచెట్టు నీడన జనం చెప్పులు వేసుకుంటుండగా, నా వైపు చూడకుండా, "ఆ పువ్వు మా బావది. ఆయన సుత్తి నేనే కాల్చినా. ఈ బిడ్డ చేతిలో తప్పు ల్యాకుండె" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. వెనకవాళ్లకు వినబడలేదు. వినబడలేదు మామా, మళ్లీ చెప్పు అన్నాను. మళ్లీ చెప్పాడు. తల వంచుకునే చెప్పాడు. నేను కళ్లారా చూశాను.

ఇట్లాంటి చోట పగ తీరాక మనసు ఖాళీ అయిపోయిందని రాస్తారు చాలామంది. నాకు అట్లా ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం ఆకలి వేసి రెండు ముద్దల సంగటి ఎక్కువ తిన్నాను. ఒక్కటి మాత్రం నేను అనుకోనిది జరిగింది. నేను మాట నిలబెట్టుకుని ఆ పిల్లను వెళ్లమన్నాను, తానే పోనంది. నేను కూడా వింటిని గదా నాయనా, ఇంక ఆ ఇంటికి నేనెట్లా వస్తా అని తండ్రి ముఖం మీదే చెప్పింది. మామ ఒక్కడే బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని కూడా మా వైపు తిరగలేదు. అంత దూరం నేను గురి పెట్టలేదు. పడిన దెబ్బను వెనక్కి తీసుకోవాలని కూడా అప్పుడు నాకు అనిపించలేదు.

మరదలూ నేనూ ముప్పై ఏళ్లు ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని పని చేశాము. ఇప్పుడు మా వీధిలో తోలుపని ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఎద్దులే లేవు, పట్టెడలెందుకు? బెల్టులు యంత్రం కింద ఒక్క నొక్కుతో పూలు వేసుకుని సంచులకు సంచులు దిగుతున్నాయి. మధ్యాహ్నం పూట వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వినిపించే సుత్తి చప్పుళ్లలో ఏది ఎవరిదో పడుకునే చెప్పగలిగేవాళ్లం, కోపంగా ఉన్నవాళ్ల దెబ్బ కూడా తెలిసిపోయేది. ఇప్పుడు ఎవరి పని ఎవరు తీసుకుపోయారో అడుగుదామన్నా ఎదురుగా మనిషి ఉండడు. ఆ రోజుల్లో మమ్మల్ని ముంచినవాడు మా ఇంటి సంగటి తిన్నవాడు, వాడి వాకిలి ఎక్కడుందో మాకు తెలుసు. అది కూడా ఒక భాగ్యమేనేమో అని ఈ మధ్యన అనిపిస్తుంది.

ప్రతి ఏడూ మామ పోయిన రోజున మరదలు నన్ను వెంటబెట్టుకుని సమాధుల తోటకు పోతుంది. తను ఎప్పుడో క్షమించింది. ఎండలో కండ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ చాలాసేపు ప్రార్థన చేస్తుంది. పక్కన నేను కూడా కండ్లు మూసుకుంటాను. మోకాళ్ల నొప్పులతో నేను నిలబడలేనని తెలిసి, నా మోచెయ్యి పట్టుకునే ప్రార్థన చేస్తుంది. నువ్వేం చెప్పుకున్నావు వదినా అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.