సాపుతారాలో మాటల్లేని పూట

పెళ్లయిన ఇన్నేళ్లకు మా ఆయన నన్ను సాపుతారా కొండలకు తీసుకెళ్లాడు. సూరత్‌లోని ఉధ్నాలో మా కాపురం మగ్గాల కార్ఖానా మీది గదిలోనే. కింద మగ్గాలు ఆగవు, పైన మేం అరవకుండా మాట్లాడుకోలేం. మోతవల్లే మాటలు తక్కువని ఇన్నాళ్లూ అనుకున్నాను.

మరిదిని అడిగి తెచ్చిన కారులో సూరత్ దాటగానే చెవులు ఖాళీ అయిపోయాయి. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ పచ్చటి కొండలు, లోయలోంచి పైకి పాకే మబ్బులు.

“జర బండి ఆపయ్యా, చూద్దాం” అన్నాను.

“కొండలు యాడికి పోతయే? వాపస్ వచ్చేటప్పుడు చూద్దాం తియ్.”

నాకు ఒళ్లు మండింది. కొండలు ఎక్కడికీ పోవు, నిజమే. నేను మాత్రం ఎక్కడికి పోతాను? అద్దం దించితే ఏసీ పోతుందని మళ్లీ పైకెత్తించాడు.

సాపుతారా చేరాక అక్కడి చెరువు ఒడ్డున బెంచీ మీద కూర్చుని మొక్కజొన్న కంకులు తిన్నాం. నీళ్లలో కొండ నీడ కదలకుండా ఉంది. ఆయన చెరువును చూశాడు, నేను ఆయన్ను చూశాను. గింజలు నమిలే చప్పుడు కూడా వినిపిస్తోంది. ఒక్క మాట దొరకలేదు, ఇద్దరికీ.

“పోదామా?” అన్నాడు చివరికి.

తిరుగు దారిలోనూ ఆయన ఆపలేదు, నేనూ అడగలేదు. ఉధ్నా చేరి గదిలోకి అడుగు పెట్టగానే కింది మోత మమ్మల్ని కప్పేసింది. అప్పుడు ఆయన ముఖం తేటపడింది. నా వైపు తిరిగి, చేతులూపుతూ చాలాసేపు ఏదో చెప్పాడు. ఒక్క ముక్క వినపడలేదు. ఎప్పటిలాగే తలూపాను.