ఏడిపించిన సినిమాకే మొదటి బహుమతి

పాటల సినిమాలంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. జనగామలో మా వీధిలో పెండ్లయినా డీజేనే, గణపతి నిమజ్జనమైనా డీజేనే, చివరికి శవం లేచినా డీజేనే. ఇంత మోత చాలక సినిమాలో కూడా గంతులు చూడాలా అని విసుక్కునేదాన్ని. బహుమతి అంటూ ఇస్తే మనిషిని కూర్చోబెట్టి ఏడిపించిన సినిమాకే ఇవ్వాలి, నవ్వించినవాడికి చప్పట్లు చాలు అని వాదించేదాన్ని. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని, పైగా ముక్కు మీద కోపం. నాకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు కలిపి షార్ట్ ఫిలిముల పోటీ పెట్టినప్పుడు ముగ్గురు జడ్జీల్లో ఒకరిగా నన్ను పిలిచారు.

మిగతా ఇద్దరిలో ఒకాయన మహబూబాబాద్‌లో ఒకప్పుడు టాకీసు నడిపిన షావుకారు. ఇంకొకాయన భూపాలపల్లి వకీలు. షావుకారు ఇంటి మేడ మీద గదిలో సినిమాలన్నీ చూశాం. చాలావాటిని సగంలోనే ఆపేయించాను. చివరికి రెండు మిగిలాయి.

మొదటిది డోర్నకల్ వైపు వాళ్లు తీసిన పాటల సినిమా. పెండ్లి బ్యాండులో బూర ఊదే ముసలాయనకు పండ్లు ఊడిపోతాయి. ఇక ఊదలేడు. మేళంవాళ్లకు ఆయనను ఇంటికి పంపించే మనసు రాదు. బూర పక్కన పెట్టి ఆయన చేత పాడించడం మొదలుపెడతారు. బోసినోటి పాటకు ఊళ్లన్నీ గంతులేస్తాయి. అంతే కథ. నేను రెండుసార్లు ఆవులించాను.

రెండోది నర్మెట్ట దగ్గర ఒక ఊరి యువకుడు తీసింది. కాళేశ్వరం రోడ్డు మీద ఇసుక లారీ బోల్తా పడి డ్రైవరు చనిపోతాడు. అతని భార్య కథ అది. చివర్లో, దినాల నాడు, పొలంలో బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి బొట్టు తుడుస్తారు. ఆమె అరవదు. చెయ్యి మాత్రం వెనక్కి గుంజుకుంటుంది. ఒక ముసలవ్వ ఆ చేతిని ఒడిసిపట్టి మళ్లీ ముందుకు లాగుతుంది. నాకు ఏడుపు ఆగలేదు. వకీలు కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని సూసినంక ఆ పాటల సినిమాకు ఎవలిస్తరు మేడం?" అన్నాడు వకీలు. నేనూ తలూపాను. ఫలితం వచ్చే వారం కూర్చుని రాద్దామని లేచాం.

రెండు రోజులు గడిచాయో లేదో, జనగామలో మా ఇంటి తలుపు ఎవరో కొట్టారు. తీసి చూస్తే ఆ సినిమాలో భార్యగా చేసిన అమ్మాయి. జడ్జీలు ఏడ్చారన్న కబురు ఆ యువకుడు అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడట. ఆమె నుదుట స్టిక్కర్ బొట్టు కొంచెం పక్కకు ఉంది. చేతులకు మట్టిగాజులున్నాయి. ఎంత బాగా చేశావు తల్లీ అని లోపలికి పిలిచాను.

"నేను చేసిందేం లేదు టీచరమ్మా. అది నా కతే" అంది.

లారీ బోల్తా పడి పోయింది ఆమె సొంత భర్త. దినాల నాడు ఆమె మామ బావి దగ్గర అడ్డంగా నిలబడి, నా కోడలి మీద చెయ్యేసినవాళ్లు నా గడప తొక్కవద్దన్నాడట. ఊరు నోరు మూసుకుంది. ఆమె బొట్టూ గాజులూ అట్లాగే ఉండిపోయాయి. ఆమె పెండ్లి జాకెట్లు కుడుతుంది. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెండ్లయినా పెండ్లికూతురి జాకెట్టు ఆమె దగ్గరికే వచ్చేది. ఆ తరువాత మామ కూడా చనిపోయాడు. అప్పుడు వచ్చాడు ఈ సినిమా తీసే యువకుడు.

"అక్కా, ఇంకొకలు చేస్తే గంత నిజం రాదు, నువ్వే చెయ్యాలె అన్నడు. మా ఆయన ఫోటో పెద్దగ చేసి పెడ్తమన్నడు. ఆయన పేరు నిలవడ్తదని ఒప్పుకున్న. గాజులు ఉత్తగ తీసినట్టు చేస్తమన్నరు."

"మరి?"

"నిజం లెక్క రావాలెనని ఊరోళ్లనే పెట్టిండు. మా బాయికాడనే, మా ఆయన ఫోటో ముంగటనే. కెమెరా పెట్టినంక ఆ అవ్వకు అది సినిమా అని యాది లేదు. ఏడ్సుకుంట, రాగం తీసుకుంట, చేసేదంత చేసింది. నేను చెయ్యి గుంజుకున్నది యాక్టింగ్ కాదు టీచరమ్మా."

నన్ను అంతగా ఏడిపించింది ఆ చెయ్యే.

షూటింగ్ అయిన మర్నాడు ఆమె ఎప్పటిలాగే బొట్టు పెట్టుకుని బయటికి వస్తే ఊళ్లో ముసలివాళ్లు ఊరుకోలేదు. సినిమాకే కావచ్చు, బాయికాడ జరిగిందంటే జరిగినట్టే అన్నారు. మళ్లీ పెట్టుకుంటే అరిష్టమని అత్తను భయపెట్టారు. పెండ్లి జాకెట్లు ఒక్కొక్కటే రావడం మానేశాయి. ఇప్పుడు జనగామలో ఒక బట్టల షాపువాళ్లు ఇస్తే కుడుతోంది. ఊరు దాటాక బస్సులో బొట్టూ గాజులూ పెట్టుకుంటుంది, తిరిగి పోయేటప్పుడు బస్సులోనే తీసేస్తుంది. షాపువాళ్లకు ఈ సంగతి తెలియదు.

"మొదటి ప్రైజొస్తే ఊరూర తెర కట్టి సూపిస్తరట. జనగామల గూడ. షాపోళ్లు సూస్తే ఆ పని గూడ పోతది. జర ఆ పాటల సినిమాకియ్యిండ్రి. ఫోన్ల దాని ముక్క సూసిన. నవ్వొచ్చింది."

నాకు కోపం తన్నుకొచ్చింది. "మా ఆయన పోయి ఎన్నేండ్లో అయింది. నేను తీసేశానా? నువ్వెందుకు భయపడాలి?" అన్నాను.

"మీ జోలికొచ్చేటోళ్లెవరు టీచరమ్మా" అంది. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పింది.

ఆమె వెళ్లగానే ఆ యువకుడికి ఫోన్ చేశాను. ఆ సీను తీసెయ్యమన్నాను. "ఆమె ఒప్పుకున్నంకనే తీసిన మేడం. గంత సహజంగ వచ్చినదాన్ని ఎట్ల తీసేస్తం? సినిమాకు పాణమే అది" అన్నాడు. ఆ పాణం ఎవరిదిరా అని అరిచాను. ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి పాటల సినిమా మళ్లీ పెట్టుకుని చూశాను. ఈసారి ఆవులింత రాలేదు. బోసినోటి ముసలాయన పాట అందుకోగానే బ్యాండువాళ్ల మొహాల్లో వచ్చే ఆ సంబరం ఎవరి దగ్గరా గుంజుకున్నది కాదు. నవ్వించడానికి వాళ్లు ఎవరి గాజులూ పగలగొట్టలేదు. ఇన్నేళ్లూ ఏడుపు ఎక్కడినుంచి తెచ్చారని అడగకుండానే మార్కులు వేస్తూ వచ్చాను కదా అనిపించింది.

మహబూబాబాద్‌లో మళ్లీ కూర్చున్నప్పుడు పాటల సినిమాకే మొదటి బహుమతి అన్నాను. వకీలు నావైపు వింతగా చూశాడు.

"పాటలంటే తిట్టే మీరేనా మేడం?"

జరిగినదంతా చెప్పాను. అంతా విని వకీలు మెల్లగా అన్నాడు. "అంటే అంత నిజంగ తీసిండన్నట్టే గద. ప్రైజుకు ఇంకేం గావాలె?"

నేను షావుకారు వైపు తిరిగాను. ఆయన తల వంచుకున్నాడు. "నేను పాటల సినిమాలతోనే బతికిన మేడం. ఏడుపు సినిమా ఆడితే కుర్చీలు ఖాళీ. అయినా ప్రైజంటే జర బరువుండాలె గద" అన్నాడు. ఇద్దరొకవైపు, నేనొకవైపు. ఆ బరువు ఎవరు మోస్తున్నారో చూడండయ్యా అని గొంతు చించుకున్నాను. కాగితం మీద సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను. సంతకం లేదని బహుమతి ఆగలేదు.

మొదటి ప్రదర్శన నర్మెట్టలోనే పెట్టారు. ఆ అమ్మాయి ఒక్కతే ఉంటుందేమోనని నేనూ వెళ్లాను. అత్తతో కలిసి ముందు వరుసలో కూర్చుంది. ఊరి గౌరవం, రానంటే బాగుండదని పెద్దమనుషులు ఇంటికి వచ్చి చెప్పారట. నుదురు ఖాళీగా ఉంది. బావి సీను రాగానే హాలంతా ఏడ్చింది. అత్త కొడుకు ఫోటో చూసి గుండెలు బాదుకుంది. అమ్మాయి మాత్రం తెర వైపు చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న తన చేతులనే చూసుకుంటూ కూర్చుంది.

తరువాత సన్మానం. స్టేజీ మీద ఒక పెద్దింటామె కుంకుమ పళ్లెం పట్టుకుని ఆడవాళ్లందరికీ బొట్టు పెడుతోంది. నాకు పెట్టింది. మా ఆయన పోయిన సంగతి ఆమెకు తెలియదు. ఉత్తమ నటి అని అమ్మాయిని పిలిచారు. ఆమె ముందుకు రాగానే పెద్దింటామె వేలు కుంకుమలో ఆగిపోయింది. వేలిని పళ్లెం అంచుకు తుడుచుకుని శాలువా అందుకుంది. కావాలని చేసినట్టు కూడా లేదు. ఇప్పుడే కదా తెర మీద చూసింది.

నేను ఉండబట్టలేకపోయాను. ఆ పళ్లెం గుంజుకుని అమ్మాయి నుదుట ఇంత బొట్టు పెట్టాను. చప్పట్లు మోగాయి. ఫోన్లు లేచాయి. సినిమా తీసినవాడు నా చెవి దగ్గరికి వంగి, "ఈ సీను నాకెందుకు తోచలే మేడం" అన్నాడు.

అమ్మాయి నాకు దండం పెట్టి, శాలువాతో దిగిపోయి తన కుర్చీలో కూర్చుంది. అత్త అటూ ఇటూ చూసింది. "అందరు సూస్తుండ్రు బిడ్డా" అంది. పసిపిల్ల మూతి తుడిచినట్టు కొంగుతో మెత్తగా ఆ బొట్టు తుడిచింది. ఈసారి కోడలు వెనక్కి గుంజుకోలేదు. అత్తకు అందేలా మొహం ఎత్తి పట్టింది.