బాబాయి దాచిన మందుసీసాలు

లిఫ్టులు బాగుచేసే బాబాయికి లోకంలో ఒకటే రోగం: వీడియో గేములో దొరికిన, గాయాలు మాన్పే మందుసీసాలు ఛస్తే వాడడు. సంచీలో సీసాలు మూలుగుతుంటాయి, పక్కన సొంత సైన్యం చచ్చి పడుంటుంది.

ఇది చూసి అన్నకూతురికి ఒళ్ళు మండిపోయేది. ఆమె టైలరు. స్కూటరు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక, వేళ్ళు ఆడించకపోతే బిగుసుకుపోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. అదే జరిగితే ఇక కత్తెర పట్టుకోలేదు, షాపు మూసుకోవాల్సిందే. కానీ ఆడిస్తే ప్రాణం పోతోంది. అందుకని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరు ఆ మాటెత్తినా వాళ్ళ మీద విరుచుకుపడుతూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే బాబాయి, పిన్నిని వెంటేసుకుని, ఆటపెట్టె చంకన పెట్టుకుని దిగబడ్డాడు.

ఆ ఆటలో తొందరేమీ లేదు. అంతా వంతులవారీ యుద్ధం. మనం ఒక పని చేసి ఆగాలి, తరవాత రాక్షసుడు ఒక దెబ్బ కొట్టి ఆగుతాడు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. బాబాయి గడ్డం గోక్కుంటూ ఆలోచించి ఆలోచించి, చివరికి తప్పు పనే చేసేవాడు.

“బాబాయ్, వాడు ఊపిరి పీలుస్తున్నాడు. ఈసారి నిప్పు ఊదుతాడు. అందరిచేతా డాళ్ళు పట్టించు.”

“ఒక్క పోటు పొడిచి చూద్దాం తల్లీ.”

నిప్పు ఊదాడు. సగం సైన్యం బూడిద.

“వైద్యురాలు కొన ఊపిరితో ఉంది. ఆవిడ పోతే మిగతావాళ్ళని లేపేదెవరు? ముందు ఆవిడకి మందు పొయ్యి.”

“ఉండనీలే, ముందు ముందు పనికొస్తుంది.”

“ముందేముంది నా మొహం? వీడే ఆఖరివాడు.”

“ఆఖరివాడి తరవాత ఇంకొకడుంటే?”

వైద్యురాలు పోయింది. బాబాయి తాపీగా టీ తాగాడు.

రోజూ ఇదే వరస. “ఈయనతో ఎలా వేగుతున్నావ్ పిన్నీ?” అని ఆమె పళ్ళు నూరితే, పిన్ని నవ్వేది.

ఒకరోజు రాక్షసుడు చావడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంకొక్క దెబ్బ చాలు. బాబాయి తీరిగ్గా ‘పారిపో’ అన్నది నొక్కాడు.

“ఇలా తే” అని ఆమె రిమోటు లాక్కుంది. బొటనవేలు మొరాయించింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాక్షసుణ్ణీ, బాబాయినీ కలిపి తిట్టుకుంటూ ఆడి ఓడిపోయింది. మర్నాడు రిమోటు బాబాయికి తిరిగి ఇవ్వలేదు. ఆ తరవాతా ఇవ్వలేదు. “ఆ సీసా దాచుకోరాదూ” అని బాబాయి పక్కనే కూర్చుని నస పెట్టేవాడు. ఆ కోపంతో ఇంకో ఆట ఆడేది.

చివరికి ఒకరోజు, ముందుగా రాక్షసుడి కవచం కరిగించింది, ఊపిరి పీల్చినప్పుడల్లా డాళ్ళు పట్టించింది, వైద్యురాలికి ఉన్న మందంతా పోసింది. రాక్షసుడు కూలాడు.

“అమ్మయ్య, గెలిచావా” అంది పిన్ని. “మీ బాబాయి వాణ్ణి పోయినేడే చంపేశాడు.”

“మరి మందుసీసాలు?”

“మంచినీళ్ళలా పోసేశాడు.”

ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది. తనని ఇన్నాళ్ళూ ఏడిపించినందుకు సోఫా మీది దిండు లాగి, బాబాయి నెత్తిన వెయ్యడానికి ఎత్తింది. కుడిచేత్తోనే ఎత్తింది. వేళ్ళన్నీ దిండులోకి గట్టిగా దిగాయి.

బాబాయి తప్పుకోలేదు. ఆ వేళ్ళవంకే చూస్తూ, “కొట్టు తల్లీ” అన్నాడు.

కొట్టింది.

“ఇంకోటి” అన్నాడు బాబాయి.